అహోబిలం వెళ్లి వచ్చాము, పాట మాత్రం వినబడలేదు

తుంగభద్ర_గట్టు
మాది కర్నూలు. పోయిన వారం, డిసెంబరు రెండవ శనివారం, మా అమ్మను తీసుకొని అహోబిలం వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చాను. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఆమె పుట్టిల్లు ఆళ్లగడ్డ దగ్గర ఒక చిన్న పల్లె. చిన్న వయసులోనే పెళ్లయి మా ఊరికి వచ్చిన తరువాత ఆ వైపు తిరునాళ్లకు వెళ్లే వీలు ఆమెకు మళ్లీ కలగలేదు. తాను చిన్నపిల్లగా ఉన్నప్పుడు స్వామి పల్లకి ఊరికి వచ్చిన రాత్రి బోయీలు పాడిన పాట ఒకటి ఇప్పటికీ జొన్నరొట్టెలు తట్టేటప్పుడు సన్నగా పాడుకుంటుంది. అందులో కథ లేదు, దేవుని పేరు కూడా లేదు. "కంటిమి కంటిమి", "దాటితిమి", "ఔనోయి ఔను" అనే ముక్కలే మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ పాటను ఒక్కసారి పూర్తిగా విని చనిపోవాలని ఆమె అన్నది కాబట్టే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

దిగువ సన్నిధి ముందు అంగళ్లలో స్పీకర్ల మోత, ఎగువకు వెళ్లే దారిలో జీపుల హారన్లు తప్ప రెండు రోజులలో మరేమీ వినబడలేదు. దర్శనం బాగా జరిగింది, కొండలు పచ్చగా ఉన్నాయి, ఆ విషయంలో లోటు లేదు. తిరుగు బస్సులో మాత్రం అమ్మ, "మనం పోయింది ఆ అహోబిలానికేనా నాయనా?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఆ పాటలు ఇప్పుడు ఎక్కడ, ఎప్పుడు వినవచ్చు? ఆమె వయసువారు తట్టుకోగలరా? ఫోనులో రికార్డు చేసుకోవడం మర్యాదేనా? తెలిసినవారు చెప్పగలరు.

జొన్నరొట్టె_ఉల్లిగడ్డ
మీరు నెల రోజులు ముందుగా వెళ్లారు. కనుమ వరకు ఆగి ఉండవలసింది.

నల్లమల_బాట
పై సభ్యుడు చెప్పింది నిజమే, అయితే కొంత వివరించాలి. మీ అమ్మగారు విన్నది అహోబిలం పాట కాదు, అహోబిలం నుండి బయలుదేరిన పల్లకి పాట. ఈ తేడా తెలియకపోతే మీరు కనుమ తరువాత వెళ్లినా ఆ సన్నిధి వీధిలోనే నిలబడి మళ్లీ నిరాశపడతారు.

పారువేట అనే ఈ పల్లకి ఉత్సవం సంక్రాంతి మరునాడు, కనుమ రోజున మొదలవుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు పల్లకిలో కొండ దిగి, నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతాయి. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవానికి, అంటే తన పెళ్లికి, స్వామి తానే ఇంటింటికీ వచ్చి పిలుస్తాడన్నది ఇక్కడివారి నమ్మకం. చెంచులక్ష్మిని పెళ్లాడినవాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటి మనిషి. అందుకే పల్లకి బయలుదేరేటప్పుడు చెంచులు విల్లు ఎక్కుపెట్టి దాని వైపు బాణాలు వేసే ఆచారం ఉంది. మొదటిసారి చూసినవారు ఉలిక్కిపడతారు గానీ, బావమరదుల మధ్య ఆ మాత్రం చనువు ఉంటుంది.

ఊరికి వచ్చిన పల్లకిని దించే అరుగును "తెలుపు" అంటారు. ఆ రోజు ఆ ఊరికి తిరునాళ్ల. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, కొత్త బట్టలు కడతారు. చెక్కభజన, కోలాటం, పండరిభజన తెల్లవార్లూ సాగుతాయి. పాట అక్కడ ఉంది. అహోబిలంలో మిగతా పది నెలలూ ఉండేది దర్శనం. మరొక్క మాట: 2022 ఏప్రిల్ నుండి అహోబిలం నంద్యాల జిల్లాలో ఉంది కాబట్టి బస్సులు, వసతి గురించి విచారించేటప్పుడు ఆ జిల్లా పేరుతో అడగండి.

కడప_గడప
ఇంతదూరం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మా కడప పల్లెల్లో శ్రీరామనవమికి, ఊరి దేవర్లకు చెక్కభజన జరగని చోటు అరుదు. పదహారు మంది గజ్జెలు కట్టి, చేతిలో చెక్కలతో ఒకే అడుగు వేస్తుంటే కింద నేల అదిరేది మీకు అరికాళ్లలో తెలుస్తుంది. కొండ ఊరికి పేరు వచ్చింది కాబట్టి అందరూ అక్కడికే పరుగెత్తుతున్నారు. పాట కావాలంటే పేరు లేని ఊరికి వెళ్లండి.

తుంగభద్ర_గట్టు
కడప_గడప గారూ, మీ మాట కాదనను, చెక్కభజన నేనూ చూశాను. కానీ అమ్మ అడుగుతున్నది మంచి పాట కాదు, ఆ పాట. ఇంట్లో ముసలివారు ఉంటే ఈ తేడా మీకు తెలిసే ఉంటుంది.

కడప_గడప
తెలుసు. మా జేజికి కూడా ఒక పాట ఉండేది. నేను తొందరపడి రాశాను.

బోయీల_మనవడు
ఈ చర్చను రెండు రోజులుగా చదువుతున్నాను. మా తాత, మా పెద్దనాయన పల్లకి మోసినవారు. నేను ఒక్క ఏడాది, అదీ మూడు ఊళ్ల దూరం మాత్రమే భుజం పెట్టాను. తరువాత చదువు, ఉద్యోగం అని అనంతపురం వచ్చేశాను. తెలిసినంత చెబుతాను.

మోసేవారి పాట వినేవారి కోసం పుట్టినది కాదు. పల్లకికి ముందు కొందరు, వెనుక కొందరు ఉంటారు. వెనుకవారికి ఎదురుగా కనిపించేది పల్లకి అంచు, ముందువారి వీపులు, అంతే. నేల కనిపించదు. కాబట్టి ముందువారు దారిని పాటగా చెబుతారు. రాయి ఉంటే రాయి అని, ముల్లు ఉంటే ముల్లు అని, దిగుడు వస్తే దిగుడు అని, ఆ మాటలను అడుగుకు సరిపోయేలా సాగదీసి పాడతారు. వెనుకవారు విన్నామని, చూశామని, దాటామని బదులు ఇస్తారు. భుజం మార్చుకునే చోట ఒక కేక ఉంటుంది. ఆ కేక మీద అందరూ ఒకే ఊపులో తల వంచి, దండెను ఈ భుజం నుండి ఆ భుజానికి జరుపుతారు. ఒక్కరు ఆలస్యమైనా బరువంతా పక్కవాడి మీద పడుతుంది. మా పెద్దనాయనకు కుడి భుజం మీద, మెడకు దగ్గరగా, చిన్న నిమ్మకాయంత గట్టి కాయ ఉండేది. మడత పెట్టిన తువ్వాలు దాని మీదనే కూర్చునేది. చిన్నప్పుడు నేను దానిని వేలితో నొక్కి, నొప్పి లేదా అని అడిగేవాణ్ని. నొప్పి లేదు, అది స్వామి కూర్చునే పీట అనేవాడు.

తుంగభద్ర_గట్టు గారూ, మీ అమ్మగారు పాడుకునే "కంటిమి", "దాటితిమి" అనేవి నాకు తెలిసినంతవరకు వెనుకవారి మాటలు. ఆమె పాటలో కథ లేదని మీరు రాశారు. అది సగం పాట కాబట్టి అలా అనిపిస్తున్నదేమో.

తుంగభద్ర_గట్టు
మీ ఉత్తరాన్ని అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మేము పిల్లలం పల్లకి ఎనకాలనే కదా పరిగెత్తేది, ముందరికి ఎవరు పోనిస్తారు" అన్నది.

అనంత_చెనక్కాయ
బోయీల_మనవడు గారి మాటకు అనుబంధంగా మా వైపు సంగతి ఒకటి చెబుతాను. అనంతపురం పల్లెల్లో ఉరుములు అనే డోళ్లు వాయించేవారు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. ఉరుముకు రెండు ముఖాలు. ఒక వైపు కొడతారు, రెండవ వైపు వంపు పుల్లతో రాస్తారు. ఆ రాపిడికి వచ్చే మూలుగు శబ్దం చెవితో కాదు, కడుపుతో వింటాము. దేవర ఊరేగింపులో దానిని వింటే ఒళ్లు జలదరిస్తుంది. అదే ఉరుమును ఒక పెద్ద హాలులో, కుర్చీలో కూర్చొని విన్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. వాయించినవారు అదే కుటుంబంవారు, వాయిద్యం కూడా అదే.

జొన్నరొట్టె_ఉల్లిగడ్డ
గొరవయ్యల సంగతి కూడా అంతే. ఎలుగుబంటి తోలు కుచ్చుటోపీ, నల్ల కంబళి, ఢమరుకం, పిల్లనగ్రోవితో మా కర్నూలు జిల్లా ఊళ్లలో ఇంటి ముందుకు వచ్చి ఆడితే పిల్లలం భయపడి తలుపు వెనుక దాక్కునేవాళ్లం. ఇప్పుడు ప్రభుత్వ సభలలో అతిథులకు స్వాగతం పలకడానికి పిలుస్తున్నారు. అది కూడా లేకపోతే వాళ్లకు కూలి దొరకదు కాబట్టి తప్పు అనలేను.

పొద్దుటూరు_పెద్దాయన
మా అమ్మాయి అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ నగరంలో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఓజార్క్ కొండల్లో ఉన్న మౌంటెన్ వ్యూ అనే ఊరికి తీసుకువెళ్లింది. జనాభా మూడు వేలకు లోపే. మన మేజరు పంచాయతీ పాటి కూడా కాదు. ఆ ఊరి పేరు చెబితే అక్కడివారికి జానపద సంగీతమే గుర్తుకు వస్తుంది.

నేను చూసినది చెబుతాను. చల్లబడే వేళకు ఊరి నడుమ ఉన్న కోర్టు భవనం చుట్టూ మనుషులు మడత కుర్చీలు చేతపట్టుకొని ఒక్కొక్కరే వచ్చారు. కొందరి దగ్గర ఫిడేలు, కొందరి దగ్గర బాంజో, ఒక ముసలామె ఒడిలో డల్సిమర్ అనే పొడుగాటి తంత్రీ వాద్యం. మైకు లేదు, వేదిక లేదు, టికెట్టు లేదు. గుండ్రంగా కూర్చున్నారు, ఒకరు ఎత్తుకున్నారు, మిగతావారు అందుకున్నారు. పది అడుగుల దూరంలో మరొక గుంపు మరొక పాట పాడుతున్నది. పన్నెండేళ్ల పిల్లవాడు ఒకడు తాత వయసువాని వేళ్ల వైపు చూస్తూ వాయించడం నేర్చుకుంటున్నాడు. మేము రెండు గంటలు నిలబడే విన్నాము.

అది దానంతట అది నిలవలేదని మా అమ్మాయి చెప్పింది. 1963లో ఆ ఊళ్లో జానపదోత్సవం మొదలుపెట్టారు. జిమ్మీ డ్రిఫ్ట్‌వుడ్ అనే బడిపంతులు అందుకు చాలా పాటుపడ్డారట. పిల్లలకు చరిత్ర పాఠం ఎక్కడం లేదని దానిని పాటలుగా కట్టి చెప్పిన మనిషి ఆయన. 1973లో పాత పాటలకు, చేతిపనులకు ఒక కేంద్రం తెరిచారు. మన అహోబిలంలో ప్రతి శనివారం సాయంత్రం ఇటువంటిది ఎందుకు జరగకూడదు? కొండ ఉంది, పాట ఉంది, వచ్చే జనం ఉన్నారు.

జొన్నరొట్టె_ఉల్లిగడ్డ
పెద్దాయన గారి ఆలోచన నాకు చాలా నచ్చింది. దిగువ అహోబిలంలో చోటుకు కొదవ లేదు. తుంగభద్ర_గట్టు గారి అమ్మగారి వంటివారు ఏ నెలలో వచ్చినా ఏదో ఒకటి వినగలుగుతారు.

నల్లమల_బాట
నాకు నచ్చలేదు, కారణం చెబుతాను. మౌంటెన్ వ్యూ పాటలు ఇంటి ముందు అరుగుల మీద, పని ముగిసిన సాయంత్రాలలో పాడుకున్నవి. అందుకే కోర్టు ముందు పచ్చికలోకి అవి సులువుగా వచ్చి కూర్చున్నాయి. మన పల్లకి పాటకు పల్లకి కావాలి, బరువు కావాలి, దారి కావాలి. బోయీల_మనవడు గారు చెప్పిన ఆ "రాయి ఉంది" అనే మాటను రాయి లేని సిమెంటు అరుగు మీద నిలబడి పాడితే అది ఎవరికి చెబుతున్నట్టు?

పొద్దుటూరు_పెద్దాయన
మీ అభ్యంతరం పల్లకి పాటకు సరిపోతుంది. కోలాటానికి, చెక్కభజనకు, రేనాటి వీరగాథలకు సరిపోదు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను ఈ చుట్టుపక్కల ఊళ్లు నూటడెబ్బై ఏళ్లకు పైగా పాడుకుంటూనే ఉన్నాయి. దానికి ముహూర్తం లేదు కదా. చోటు లేక, వినేవారు లేక ఆగిపోతున్నవి కూడా ఉన్నాయి. వాటికైనా ఒక సాయంత్రం ఇవ్వమంటున్నాను.

నల్లమల_బాట
ఆ మేరకు ఒప్పుకుంటున్నాను.

కొండారెడ్డి_బురుజు
శనివారపు కచేరీల గురించి మాట్లాడే ముందు నేను చూసిన ఒక సంగతి వినండి. కొన్నేళ్ల క్రితం ఒక ప్రయాణాల సంస్థవారు మమ్మల్ని ఇరవై మందిని నల్లమల అంచున ఉన్న ఒక చెంచుగూడేనికి తీసుకువెళ్లారు. "గిరిజన నృత్యం" అని టికెట్టులోనే రాసి ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు, మండే ఎండలో, అడవి నుండి అప్పుడే వచ్చిన ఆడవాళ్లను నిలబెట్టి ఆడమన్నారు. వాళ్లు ఆడారు. ఒకామె చంకలో బిడ్డ ఏడుస్తున్నాడు. ఆమె ఆట ఆపలేదు, మేము ఫోనులు దించలేదు. తరువాత విచారిస్తే మేము కట్టిన డబ్బులో వాళ్లకు చేరినది టీ, బిస్కట్లు మాత్రమేనని తెలిసింది. ఆ వీడియోను నేను తుడిచివేశాను గానీ ఆ బిడ్డ ఏడుపు తుడుచుకుపోలేదు. మీరు ఏ ఏర్పాటు చేసినా మొదట పాడేవారి చేతికి ఎంత, ఏ వేళకు, ఎవరి ఇష్టం మీద అన్నవి తేల్చండి.

అనంత_చెనక్కాయ
ఈ మాట చెప్పినందుకు కృతజ్ఞతలు. రికార్డింగు ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉంది.

పాత_పలక
నేను తెలుగు పంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. రెండు సంగతులు కలుపుతాను.

మొదటిది: అహోబిలంలో పాటకు గుర్తు అసలే లేదనుకోవద్దు. నవ నరసింహులలో ఛత్రవట నరసింహస్వామి గుడి దిగువ సన్నిధికి దగ్గరలోనే ఉంది, ఆటో వెళుతుంది, ఎక్కవలసిన మెట్లు దాదాపు లేవు. హాహా, హూహూ అనే గంధర్వులు అక్కడ పాడగా స్వామి మెచ్చుకున్నాడని స్థలపురాణం. మూర్తిని శ్రద్ధగా చూడండి. ఎడమ చేయి తొడ మీద తాళం వేస్తున్నట్టు ఉంటుంది, ముఖంలో ఉగ్రం లేదు. హిరణ్యకశిపుని చీల్చిన కొండలోనే పాట వింటూ కూర్చున్న నరసింహుడు కూడా ఉన్నాడు. అన్నమయ్య ఈ కొండకు వచ్చి ఆదివన్ శఠగోప యతి దగ్గర చదువుకున్నాడని కూడా చెబుతారు. ఆయన అహోబిల నరసింహుని మీద కీర్తనలు ఎన్నో రాశాడు.

రెండవది, రికార్డింగు. 1874లోనే జె. ఎ. బాయిల్ అనే ఆంగ్లేయుడు తెలుగు వీరగాథలను ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో అచ్చు వేయించాడు. అలా రాసి పెట్టినందువల్లనే ఆ పాఠాలు మనకు మిగిలాయి. కాబట్టి రికార్డు చేయడం తప్పు కాదు, దొంగచాటుగా చేయడం తప్పు. పాడేవారిని ముందు అడగండి, ఊరి పేరు, తేదీ రాసుకోండి, ఒక ప్రతి వారి ఇంట్లో పిల్లల ఫోనులో వేసి రండి.

జొన్నరొట్టె_ఉల్లిగడ్డ
ఛత్రవట స్వామి చేతిని నేను నాలుగుసార్లు చూసి కూడా గమనించలేదు. ఈసారి వెళ్లినప్పుడు చూస్తాను.

నల్లమల_బాట
తుంగభద్ర_గట్టు గారికి ప్రయాణం గురించి నాలుగు మాటలు. బయలుదేరే రోజు కొండ మీద రద్దీకి వెళ్లకండి, అమ్మగారు నలిగిపోతారు. ఏ రోజు ఏ ఊరు అన్నది ఆళ్లగడ్డలో ఎవరిని అడిగినా చెబుతారు. పెద్ద ఊళ్లలో ఆర్కెస్ట్రాలు, సినిమా పాటలు ఉంటాయి కాబట్టి చిన్న ఊరు ఎంచుకోండి. పల్లకి వచ్చే వేళ చెప్పిన వేళకు జరగదు, సాయంత్రం అన్నది అర్ధరాత్రి కావచ్చు. జనవరి మంచు ఆ ప్రాంతంలో ఎముకలు కొరుకుతుంది, కంబళి తప్పదు. తిండికి మాత్రం దిగులు పడకండి, తిరునాళ్ల నాడు ఆ ఊళ్లలో తెలియనివారిని కూడా ఆకు ముందు కూర్చోబెడతారు.

బోయీల_మనవడు
ఊరి పొలిమేర దగ్గర, పల్లకి ఇంకా దారిలో ఉండగానే నిలబడండి. తెలుపు మీద దించిన తరువాత మోసేవారి పాట ఉండదు.

తుంగభద్ర_గట్టు
ఫిబ్రవరి మొదటి వారంలో వెళ్లి వచ్చాము. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, అమ్మకు రెండు రోజులు జలుబు చేసింది.

రుద్రవరం వైపు ఒక చిన్న ఊరు ఎంచుకున్నాము. సాయంత్రం ఆరుకు వస్తుందన్న పల్లకి రాత్రి పదకొండున్నరకు వచ్చింది. పొలిమేరలో, శనగ చేను గట్టు మీద, కంబళి కప్పుకొని కూర్చున్నాము. మాతోపాటు ఊరి ఆడవాళ్లు హారతి పళ్లేలతో ఉన్నారు. మొదట దివిటీల వెలుగు, తరువాత అడుగుల చప్పుడు, ఆ తరువాత పాట. ముందు వరుసలోని మనిషి "గట్టుందోయి" అని సాగదీశాడు. అమ్మ నా మణికట్టు పట్టుకున్నది. వెనుక నుండి "కంటిమి" అని వచ్చింది. "తడి ఉందోయి", "కంటిమి". "చేను గలవారి పైరుందోయి", "ఒదిగితిమి". ఈ చివరి మాట అమ్మ పాటలో లేదు. పల్లకి మమ్మల్ని దాటిపోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ పాడలేదు, ఏడవలేదు. చెవి అటు పెట్టి, బడిలో పాఠం వింటున్న పిల్లలాగా విన్నది. "అరవై ఏండ్లు బదులు చెప్తానే ఉన్నా, అడిగిందేందో ఈ పొద్దు తెలిసె" అన్నది.

తెల్లవారుజామున మోసేవారిలో పెద్దాయన ఒకరు తెలుపు పక్కన గోడకు ఆనుకొని బీడీ కాలుస్తుంటే అమ్మ వెళ్లి పక్కన కూర్చున్నది. ఆయన ముందు మాట చెప్పడం, ఈమె వెనుక మాట అందించడం, నేను నోటుపుస్తకంలో రాయడం. ఆయన అనుమతితో ఫోనులో కూడా పట్టాను, ప్రతి ఒకటి ఆయన మనవడికి పంపాను. పంతొమ్మిది జతలు కుదిరాయి. కానీ అమ్మ దగ్గర ఉన్న "దాటితిమి"కి ముందు మాట దొరకలేదు. అడిగితే ఆయన, అది వంక దాటేటప్పుడు మాత్రమే అనే మాట, నేల మీద కూర్చొని అనకూడదు అన్నారు. మేము బలవంతం చేయలేదు.

బోయీల_మనవడు
ఆయన చెప్పింది సరైనదే. మా ఇంట్లో కూడా ఆ మాట గడపలో అననిచ్చేవారు కాదు. పల్లకి వంక దాటే చోటు ఒకటి నాకు తెలుసు, అక్కడ గట్టు మీద రాతిబండ ఉంది, పెద్దవారు కూర్చోవచ్చు. వచ్చే కనుమ తరువాత రోజు ఖాయం కాగానే ఇక్కడ రాస్తాను. నేను కూడా సెలవు పెట్టుకొని వస్తాను.

తుంగభద్ర_గట్టు
అమ్మకు చెప్పాను. ఈసారి రెండు కంబళ్లు తెమ్మన్నది.